తార్నాకలో పాత ఫైళ్లు చూడబోతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. పీహెచ్‌డీకి నిజాం రాజ్యానికీ ఇంగ్లీషువాళ్లకీ నడిచిన వ్యవహారం తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. మంచిదే. తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌లో అడుగుపెట్టే ముందు ఒక్క మాట విను. అక్కడ దొరికే ఫైలు నీకు ఒక పక్క వాదనే చెబుతుంది. రెండో పక్క రెసిడెన్సీ కాగితాల్లో ఉంది. రెసిడెన్సీ అంటే నిజాం దగ్గర ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి ఉండిన కచేరీ, మన కోఠీ విమెన్స్ కాలేజీ పాత భవనమే. దాని రికార్డులు మాత్రం ఢిల్లీలో, నేషనల్ ఆర్కైవ్స్‌లో చూడాలి.

బేరార్ సంగతే చూడు, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న జిల్లాలవి. 1853 ఒప్పందంతో, కంటింజెంట్ సైన్యం (నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారులు నడిపిన పటాలం) ఖర్చుల బాకీ కింద ఆ జిల్లాలు కంపెనీ చేతిలోకి పోయాయి. రెసిడెన్సీ రాతల్లో అది ఉత్త అప్పు వసూలు. ఇటు నిజాం ప్రధానమంత్రి, అంటే దివాన్, కచేరీలోవాళ్ల ప్రశ్న వేరు: ఆ పటాలాన్ని ఎవరి అవసరానికి పెట్టారు, లెక్క ఎవరు తేల్చారు? దివాన్ మొదటి సాలార్‌జంగ్ బేరార్ వెనక్కి ఇమ్మని అడుగుతూనే పోయాడు. 1902లో ఏటా 25 లక్షలకి శాశ్వత కౌలు రాసిచ్చాక కూడా పేచీ చల్లారలేదు. ఆఖరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ మళ్లీ కదిపితే, ఏ సంస్థానాధీశుడూ బ్రిటిష్ ప్రభుత్వంతో సమానంగా కూర్చుని బేరమాడలేడని 1926లో వైస్రాయ్ రీడింగ్ తెగేసి చెప్పాడు. రీడింగ్ జవాబొక్కటే చదివి అధ్యాయం రాసేవాళ్లున్నారు. నువ్వు ముందు నిజాం ఉత్తరం చదువు.

తేదీల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకో. నిజాం ఆఖరి దశాబ్దాల్లో ఫసలీ ఏడు, అంటే సర్కారు కాగితాల్లో వాడిన ఏడు, అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఇంగ్లీషు ఏడు రావాలంటే ఫసలీ అంకెకి 590 కలిపితే డిసెంబరు దాకా సరిపోతుంది, జనవరి నుంచి 591 కలపాలి. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు ఫసలీ 1357లోనే పడుతుంది. గుడ్డిగా 590 కలిపావో, ఏడాది వెనక్కి పోతావు.

పాతవన్నీ ఫార్సీ. అదీ షికస్తా రాత: చుక్కలుండవు, కలవకూడని అక్షరాలు కలిసిపోతాయి. అచ్చు ఉర్దూ చదివే ధైర్యంతో దాని జోలికి పోకు. చదవగలిగిన పెద్దాయన దొరికితే పక్కన కూర్చుని, ఒక్క అర్జీ పూర్తిగా చదివించుకో. ఎదురుగా నీ చేత్తో ఎత్తి రాసుకో.

గైడుగారి లెటరు, గుర్తింపు కార్డు మరవకు. పెన్ను వద్దు, పెన్సిలే. వేలు తడిచేసి పేజీ తిప్పకు, ఆ కాగితం అంచులు పొడిపొడిగా రాలతాయి. నోటు రాసే ముందే ఫైలు నంబరు పైన వేసెయ్.

బాబాయి