నీలి గీత దగ్గర ముందు కాళ్లు చూడండి

సంక్రాంతికి నేను అనంతపురం వచ్చినప్పుడు పక్కింటి అమ్మాయి ఒక సందేహం తెచ్చింది. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో హాకీ ఆడిన పిల్ల, చదువుకు కెనడాలోని కాల్గరీ వస్తోంది. అక్కడ పిల్లల ఐస్ హాకీ పోటీల్లో లైన్స్‌మన్‌గా, అంటే గీతల దగ్గర తప్పులు చూసే అధికారిగా, నిలబడాలని కోరిక. “చిన్నాన్నా, ఆఫ్‌సైడ్ ఒక్కటే అంతుపట్టడం లేదు” అంది. ఎలా పడుతుంది? ఆమె ఆడిన హాకీలో ఆ నిబంధన 1998 నాటికే పోయింది. మన వైపు నుంచి వచ్చే ఆటగాళ్లందరికీ ఇదే చిక్కు కనుక వివరంగా చెబుతున్నాను.

వాకిట్లో ముగ్గుపిండితో అడుగు వెడల్పున పట్టీ గీశాను. మైదానం మధ్య భాగాన్నీ గోలు వైపు భాగాన్నీ వేరుచేసే అసలు నీలి గీత వెడల్పూ అంతే, 30 సెంటీమీటర్లు. సీసా మూతే పక్, అంటే ఐస్ హాకీలో బంతి బదులు వాడే బిళ్ల. పక్ పూర్తిగా గీత దాటకముందే దాడి చేసే ఆటగాడి రెండు స్కేట్లూ గోలు వైపు అంచు దాటిపోతే ఆఫ్‌సైడ్. ఒక్క స్కేటు గీత మీద మిగిలినా తప్పులేదు. చెయ్యీ కర్రా ఎంత ముందుకు చాచినా లెక్కలోకి రావు. పక్‌ను తన అదుపులో ఉంచుకుని వెనక్కి జారుతూ లోపలికి వెళ్లిన వాడిదీ తప్పు కాదు.

“కాలు గాలిలో ఉంటే?” అని వెంటనే అడిగింది. మంచి ప్రశ్న. కబడ్డీ బోనస్ గీత దగ్గర కూడా మనం చూసేది కాళ్లనే కదా! ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2020-21 సీజన్ నుంచి స్కేటు మంచును తాకనక్కర్లేదు, గీత మీద గాలిలో ఉన్నా సరిపోతుంది. మీ పోటీలో ఏ నిబంధనో ఆటకు ముందే అడగండి.

దాడి చేసే జట్టువాళ్లు ఇంకా లోపల ఉండగా పక్ లోపలికి వెళ్తే కంగారుపడి ఈల ఊదకండి. చెయ్యి పైకెత్తండి. వాళ్లంతా పక్ ముట్టకుండా గీత మీదికి తిరిగి వస్తే చెయ్యి దించండి, ఆట సాగుతుంది. ముట్టారా, అప్పుడు ఈల. మొదటి ఏడాది నేను తొందరపడి ఊది ఒక పిల్లవాడి గోలు పోగొట్టాను. వాడు ఏడవలేదు, నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

పెద్ద పోటీల్లో వీడియో ఉంటుంది, పిల్లల ఆటలో మీ కళ్లే. అందుకే పక్ కంటే ముందే గీత దగ్గరికి చేరండి. ఏటవాలుగా చూస్తే కాలు దాటిందో లేదో తెలియదు. ఆ అమ్మాయి ముగ్గు పట్టీ చివర వంగి, గీత వెంట చూస్తూ నా చెప్పులను అటూ ఇటూ జరపమంది. మూడోసారికి సరిగ్గా చెప్పింది.