బ్యాచ్‌ల గొడవలకు అడ్డుపడే పని ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అబ్బాయి నల్లగొండలో బీఏ రెండో సంవత్సరం చదువుతూ ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) చేరాడు. బ్యాచ్‌లు కట్టి కొట్లాడుకునే ఇంటర్ పిల్లలకు నచ్చజెప్పే విద్యార్థి బృందానికి ఇప్పుడు వాడే నాయకుడు. జీవితాంతం ఇదే పని చేస్తానంటున్నాడు, గ్రూప్స్‌కు చదవమంటే వినడం లేదు. ఇందులో బతుకుదెరువు ఉంటుందా? — ఒక తండ్రి

జవాబు: ఉంటుంది, కానీ ఇప్పుడు మీ అబ్బాయి చేస్తున్న రూపంలో ఉండదు. తోటి విద్యార్థుల నాయకత్వం చదువుకునే రోజులకే చెల్లుతుంది. ఆ తరువాత దానికి చదువూ శిక్షణా తోడైతేనే జీతం వచ్చే వృత్తి అవుతుంది. అంటువ్యాధుల నిపుణుడు గ్యారీ స్లట్కిన్ 2000లో షికాగోలో మొదలుపెట్టిన సీజ్‌ఫైర్ కార్యక్రమంలో కూడా, కాల్పులు జరిగిన వెంటనే బాధితుడి స్నేహితుల దగ్గరికి వెళ్లి ప్రతీకారాన్ని ఆపేది ఆ వీధుల్లోనే పెరిగి, శిక్షణ పొంది, జీతం తీసుకునే పెద్దవాళ్లే.

మన దగ్గర తుపాకులు లేకపోవచ్చు. ఇన్‌స్టా రీల్ కింద పెట్టిన ఒక కామెంట్ సాయంత్రానికి కొట్లాటగా మారడం, పుట్టినరోజు కేకును తల్వార్‌తో కోసి ఆ వీడియోను స్టేటస్‌లో పెట్టి ఆయుధాల చట్టం కింద కేసులో ఇరుక్కోవడం మాత్రం మన పట్టణాల్లోనూ చూస్తున్నాం. "ముందు ఆ వీడియో తీసెయ్, రేపు నేనూ వస్తా, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడదాం" అని రాత్రి పదకొండింటికి ఫోన్‌లో చెప్పగలిగేది ఏడాది రెండేళ్లు పెద్దవాడైన సీనియరే. ఆ మాట లెక్చరర్ చెప్పినా ఎస్సై చెప్పినా చెవికెక్కదు. మీ అబ్బాయికి ఆ నేర్పు ఉంటే, దాన్ని తక్కువ చేసి చూడకండి.

అయితే మీ భయమూ న్యాయమైనదే. ఒంటరిగా వెళ్తున్నాడా, వెంట ఇంకొకరు ఉంటున్నారా, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్‌ను చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ముందే తెలుస్తోందా అని అడగండి. కర్రలూ కత్తులూ బయటికొచ్చిన చోట విద్యార్థి చేయవలసింది 112కు ఫోన్ చేసి పక్కకు తప్పుకోవడమే. గొడవ మధ్యలో దొరికి ఎఫ్ఐఆర్‌లో పేరు ఎక్కితే, ఆపడానికే వెళ్లానని నిరూపించుకునే భారం వాడి నెత్తిన పడుతుంది. ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు పోలీసు విచారణలో అదే అడ్డొస్తుంది. పోలీసులకు వార్తలు మోసేవాడన్న పేరు పడినా పిల్లలు మళ్లీ దగ్గరికి రానివ్వరు.

ఇక చదువు. ఈ దారికి సరైన డిగ్రీ ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సామాజిక సేవలో పీజీ. బీఏ చివరి సంవత్సరంలో పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే ఉస్మానియా పరిధిలో చేరవచ్చు. యువజనాభివృద్ధిపైనే దృష్టి పెట్టాలనుకుంటే తమిళనాడులోని శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ ఉంది. ఆ తరువాత జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, బాలల న్యాయ చట్టం కింద నడిచే గృహాల్లో, మత్తుపదార్థాల నివారణ కేంద్రాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో కౌన్సిలర్‌గానో సోషల్ వర్కర్‌గానో అవకాశాలుంటాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు కొలువులే, జీతాలూ పెద్దవి కావు. ఈ సంగతి వాడికి ఇప్పుడే తెలియాలి. అందుకే గ్రూప్స్‌ను పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. గ్రూప్-1లో సాంఘిక సంక్షేమ శాఖ పోస్టులూ ఉంటాయి, అవి వాడి మనసుకు దూరమైనవి కావు.

ఈలోగా రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం పూర్తిచేసి ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్ తీసుకోమనండి. చేసిన పనిని తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసుకుని నెలనెలా ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో సంతకం చేయించుకోవాలి; అందులో పిల్లల పేర్లు మాత్రం రాయకూడదు.