స్ట్రోక్ తర్వాత కొవ్వు హార్మోన్ ఇంజెక్షన్ పనిచేస్తుందా?

మీరు అడిగినవి రెండు. నెల కిందట స్ట్రోక్ వచ్చిన మీ నాన్నగారికి కొవ్వు నుంచి పుట్టే హార్మోన్ ఇంజెక్షన్ ఎక్కడైనా ఇస్తారా? లావుగా ఉన్నవాళ్ళకి ఆ రక్షణ ఎలాగూ ఉంటుందా? స్ట్రోక్‌కి అలాంటి ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలోనూ లేదు. ఇక రెండోది దాదాపు తలకిందులు.

మీరు చదివింది అడిపోనెక్టిన్ గురించి అయి ఉంటుంది. దాన్ని తయారు చేసేది కొవ్వు కణాలే, కానీ పొట్ట పెరిగేకొద్దీ రక్తంలో అది తగ్గుతుంది. కొవ్వు కణాల నుంచే వచ్చి ఆకలి తగ్గించే ఇంకో హార్మోన్ లెప్టిన్ కొవ్వుతోపాటే పెరుగుతుంది గానీ, ఊబకాయంలో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి "లావుగా ఉంటే మంచిదేనా" అన్న ప్రశ్న పక్కన పెట్టేయండి.

2008లో అచ్చయిన ఎలుకల ప్రయోగంలో అడిపోనెక్టిన్ లేని ఎలుకలకి మెదడు ఎక్కువగా దెబ్బతింది. వైరస్ ద్వారా అడిపోనెక్టిన్ జన్యువును అందిస్తే నష్టం తగ్గింది. రక్తనాళాల గోడల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ లేని ఎలుకల్లో మాత్రం ఆ లాభం కనపడలేదు. అంటే హార్మోన్ పని జరిగింది ముఖ్యంగా రక్తనాళాల్లో. లెప్టిన్ మీద 2007లో వచ్చిన ఎలుకల ఫలితాలూ ఆశాజనకమే.

ఈ ప్రయోగం ఎలా చేస్తారో తెలిస్తే ఫలితాన్ని ఎంత నమ్మాలో తెలుస్తుంది. మెడలోని కెరోటిడ్ ధమనిలోంచి సిలికాన్ పూసిన సన్నటి నైలాన్ దారాన్ని పైకి తోసి మెదడు ధమని మొదట్లో అడ్డం పెడతారు, గంట తర్వాత లాగేస్తారు. మర్నాడు మెదడును ముక్కలుగా కోసి టీటీసీ అనే రంగు ద్రావణంలో ఉంచితే బతికున్న భాగం ఎర్రబడుతుంది, చచ్చిన భాగం తెల్లగా మిగులుతుంది. దారం కాస్త ఎక్కువ తోస్తే ధమని చిల్లుపడి రక్తస్రావం. తక్కువ తోస్తే అసలు అడ్డే పడదు. అందుకే డాప్లర్‌తో రక్తప్రవాహం పడిపోయిందో లేదో చూసుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఉష్ణోగ్రత. మత్తులో ఎలుక ఒళ్ళు చల్లబడుతుంది, చల్లదనమే మెదడును కొంత కాపాడుతుంది. 37 డిగ్రీల దగ్గర నిలబెట్టకపోతే ఘనత మందుకి పోతుంది.

పైగా వైరస్‌తో జన్యువును ఎక్కించాలంటే అది పనిచేయడానికి రోజులు పడుతుంది, అంటే స్ట్రోక్‌కి ముందే ఇవ్వాలి. మనిషికి స్ట్రోక్ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? ఎలుకల్లో నిలిచి మనుషుల్లో కూలిన మందులకి ఎన్‌ఎక్స్‌వై-059 పేరుమోసిన ఉదాహరణ. 2006లో మొదటి ట్రయల్ ఆశ పుట్టించింది, 2007లో మూడు వేలకు పైగా రోగులతో చేసిన రెండోది అది పనిచేయదని తేల్చేసింది.

అడిపోనెక్టిన్‌ను పెంచే మాత్ర ఒకటి ఇప్పటికే ఉంది: షుగర్‌కి వాడే పయోగ్లిటజోన్. 2016లో వచ్చిన ఐరిస్ ట్రయల్‌లో షుగర్ వ్యాధి లేకపోయినా ఇన్సులిన్ సరిగా పనిచేయని 3,876 మంది స్ట్రోక్, మినీ స్ట్రోక్ రోగుల్లో సుమారు సగం మందికి దీన్ని, మిగతావాళ్ళకి మందు లేని ఉత్తుత్తి మాత్రను ఇచ్చి సుమారు 4.8 ఏళ్ళు గమనించారు. మళ్ళీ స్ట్రోక్ లేదా గుండెపోటు వచ్చినవాళ్ళు పయోగ్లిటజోన్ వేసుకున్నవాళ్ళలో 9 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 11.8 శాతం. బదులుగా బరువు పెరిగింది, కాళ్ళ వాపులు వచ్చాయి, ఎముకలు విరగడం ఎక్కువైంది. ఆ లాభం అడిపోనెక్టిన్ వల్లేనని ఈ ట్రయల్ చెప్పదు. గుండె వైఫల్యం ఉన్నవాళ్ళకి ఇది వద్దు. సొంతంగా కొని వేయకండి.

నెల దాటాక చనిపోయిన కణాలను ఏ హార్మోనూ లేపదు. ఇప్పుడు పట్టించుకోవాల్సింది బీపీ, షుగర్, డాక్టర్ రాసిన రక్తం పలుచన చేసే మాత్ర, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, రోజూ ఫిజియోథెరపీ. గుండె లయ తప్పుతోందేమో ఈసీజీ, హోల్టర్‌లో (ఒంటికి తగిలించి గంటల తరబడి గుండె లయను నమోదు చేసే పరికరం) చూశారా అని డాక్టర్‌ని అడగండి. తప్పుతుంటే మందే మారుతుంది. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే నీళ్ళు తాగించే ముందు మింగుడు పరీక్ష చేయించండి. పసరు, పావురం రక్తం లాంటివి పూస్తూ వ్యాయామం ఆపేస్తే నష్టం మీకే.

మళ్ళీ మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108. సీటీ తీయకముందు ఆస్పిరిన్ వద్దు, నోట్లో ఏమీ పోయవద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా గడువు 4.5 గంటలు. అది లెక్కేసేది మీరు చూసినప్పటి నుంచి కాదు, ఆయన ఆఖరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి. ఆ సమయం, వాడుతున్న మందుల పేర్లు కాగితం మీద రాసి అంబులెన్స్ వాళ్ళ చేతిలో పెట్టండి.