పాత ట్రయల్స్ బండి, పట్టు చాలని డ్రమ్ బ్రేకు

ప్రశ్న: పాత బ్రిటిష్ ఫ్రేముతో కూర్చిన ట్రయల్స్ (రాళ్లు, ఎక్కుళ్ల మీద కాలు మోపకుండా నడిపే పోటీ) బండి కొన్నాను. ముందు చక్రం హబ్ (బ్రేకు డ్రమ్ ఉండే నడిమి భాగం) ఏ కంపెనీదో తెలియడం లేదు, నంబరు చెరిగిపోయింది. బ్రేకు షూలు (డ్రమ్‌కు లోపలి నుంచి ఒత్తుకునే వంపు ముక్కలు) ఏ బండివి తెప్పించుకోవాలి?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: పేరు తర్వాత, ముందు వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) తీయండి. డ్రమ్ లోపలి వ్యాసాన్ని షూ రాసుకునే చోట కొలవద్దు, అక్కడ అరిగి ఉంటుంది. అంచున షూ తగలని సన్నని గట్టు దగ్గర కొలవండి. 139.7 మి.మీ. వస్తే అయిదున్నర అంగుళాలు, 152.4 అయితే ఆరు, 177.8 అయితే ఏడు. అలా అంగుళాల్లో సరిపోతే ఇంగ్లండు హబ్ కావచ్చు. 125, 160 లాంటి నిండు మి.మీ. లెక్క వస్తే స్పెయిన్, జపాన్ వైపు చూడండి.

139.7కీ 140కీ తేడా పాత డ్రమ్ మీద తేలదు. అప్పుడు యాక్సిల్ మందం చూడాలి: 12.7, 14.3, 15.9 అంగుళాల కొలతలు. 12, 15 మెట్రిక్. త్రెడ్ ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. అంగుళానికి 26 త్రెడ్లంటే 0.977 మి.మీ. పిచ్ (ఒక త్రెడ్ నుంచి మరో త్రెడ్‌కు దూరం), అది 1 మి.మీ. గేజ్‌లోకీ దాదాపు కూర్చుంటుంది. 20 త్రెడ్లదీ 1.25తో అదే తంటా. కనీసం ఇరవై త్రెడ్ల పొడవు కొలిచి భాగించండి.

షూలకు ఆర్డరిచ్చేటప్పుడు డ్రమ్ వ్యాసం, లైనర్ (షూ మీద అతికించిన రాపిడి పట్టీ) వెడల్పు, పివట్ పిన్ (షూ కదలడానికి ఆధారమైన కడ్డీ) మందం, కామ్ (తిరిగి షూలను విడదీసే ముక్క) వైపు షూ చివర ఆకారం, ఈ నాలుగూ ఫొటోతో పంపండి. ఇంకొక సంగతి షూలకంటే ముఖ్యం. షూలు బిగించి ఉండే బ్రేక్ ప్లేటు ఫోర్కుకు ఎక్కడ, ఎలా ఆనుతోందో చూడండి. వేరే బండి హబ్ తగిలించినప్పుడు ఆ ఆనిక వదులుగా మిగిలిపోవడం మామూలే. అది జారితే బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతోపాటు తిరుగుతుంది, చక్రం బిగుసుకుని మనిషి పడతాడు. అది సరిచేయకుండా బండి నడపవద్దు.

ప్రశ్న: కొత్త షూలు వేశాం, కేబుల్ మార్చాం. అయినా దిగుడులో లివర్ గట్టిగా పిండితేగాని ఆగడం లేదు. పెద్ద హబ్ వేయాలా?

జవాబు: వద్దు. చాలాసార్లు తప్పు హబ్ సైజులో ఉండదు, లైనర్ డ్రమ్‌కు పూర్తిగా ఆనకపోవడంలో ఉంటుంది. లైనర్ మీద సుద్ద రాసి, బ్రేకు లేతగా పట్టి చక్రం తిప్పి విప్పి చూడండి. రెండు చివర్లే, లేదా నడుమే చెరిగి ఉంటే అదే జబ్బు.

మందపు లైనర్ అతికించి, దాన్ని లేత్ మీద తిప్పించి (తిప్పుతూ చెక్కించి) డ్రమ్ గుండ్రానికి సరిపెట్టాలి. ముందు డ్రమ్‌ను చక్రంలో ఉండగానే, స్పోకులు బిగించి ఉన్నప్పుడే పలచగా తిప్పించండి. స్పోకుల లాగుడుకే డ్రమ్ కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. విడి హబ్‌ను తిప్పిస్తే బిగించాక మళ్లీ వంకర. తర్వాత షూలను ప్లేటు మీద పెట్టి, కామ్‌కూ ఒక్కో షూకూ మధ్య 0.5 మి.మీ. రేకు ఉంచి, డ్రమ్ కొత్త వ్యాసానికి సరిగ్గా లైనర్‌ను తిప్పండి. రేకులు తీసేస్తే షూకూ డ్రమ్‌కూ మధ్య కావలసిన ఖాళీ వస్తుంది. షూ ముందు అంచును 5 మి.మీ. మేర ఏటవాలుగా రాస్తే పట్టేసి కీచుమనదు. పాత లైనర్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు: గాలి కొట్టొద్దు, ఎండుగా రాయొద్దు, తడిపి తుడవండి.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్ వదులుగా ఉంచి చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టి, వదలకుండానే నట్ బిగించండి. షూలు డ్రమ్ నడుముకు వస్తాయి. పైసా ఖర్చులేని ఈ పని చాలామంది చేయరు.

తర్వాత కామ్ ఆర్మ్, అంటే కేబుల్ లాగితే కామ్‌ను తిప్పే చేయి. షూ తగిలే క్షణంలో ఆర్మ్‌కూ కేబుల్‌కూ మధ్య 90 డిగ్రీలుండాలి. 60 అయితే మీరు లాగిన దానిలో 87 శాతమే పనికొస్తుంది. ఆర్మ్‌ను 75 నుంచి 100 మి.మీ.కు పెంచితే బలం మూడో వంతు పెరుగుతుంది, లాగాల్సిన కేబుల్ కూడా అంతే పెరుగుతుంది. ఖాళీ తక్కువగా సెట్ చేసుకోగలిగితేనే పెంచండి. లైనర్ బాగా అరిగితే కామ్ అతిగా తిరిగి అడ్డంగా ఇరుక్కుంటుంది, బ్రేకు వదలదు.

నీళ్లు దాటాక పట్టు పోవడం సహజమే. ఒడ్డెక్కగానే కొద్ది దూరం బ్రేకు లేతగా రాయిస్తూ నడపండి, వేడికి ఆరుతుంది.

ప్రశ్న: బుల్లెట్ 350 ముందు చక్రం రెండు కామ్‌ల 7 అంగుళాల బ్రేకు నా దగ్గర ఉంది. ట్రయల్స్ బండికి వేస్తే మేలేనా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: రోడ్డుకు మేలే. ట్రయల్స్‌కు నచ్చదు మాకు. అందులో రెండు షూలూ ముందుకు వెళ్లేటప్పుడే తమంతట తాము డ్రమ్‌ను పట్టుకుంటాయి. ఎక్కుడులో ఇంజిన్ ఆగి బండి వెనక్కి జారితే రెండూ ఒకేసారి బలహీనపడతాయి. ట్రయల్స్‌లో ముందు బ్రేకుతో ఎక్కుడు మీద నిలబెట్టాల్సింది సరిగ్గా అప్పుడే. ఒక్క కామ్ బ్రేకులో ఎటు జారినా ఒక షూ పట్టుకునే ఉంటుంది. 1952లో జానీ బ్రిటన్ స్కాటిష్ సిక్స్ డేస్ (స్కాట్లండ్‌లో ఆరు రోజుల ట్రయల్స్ పోటీ) గెలిచిన బుల్లెట్‌లోనూ డ్రమ్ బ్రేకులే. డిస్క్ వేయాలనుకుంటే ముందు పోటీ నిబంధనలు చూసుకోండి, ప్రీ-65 (1965కు ముందు నాటి బండ్ల) తరగతుల్లో సాధారణంగా ఒప్పుకోరు.