సంచీ కుమ్మరించి చూడు తల్లీ

చి. సుధకు,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆసుపత్రి ఉద్యోగం మానేసి గుంటూరులో సొంత క్లినిక్ పెడుతుందట. తిమ్మిర్లకీ అరికాళ్ల మంటలకీ ఏదో ఫంక్షనల్ మెడిసిన్ అట. నువ్వైనా చెప్పరా" అని ఒకటే గోల. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యతో "మన సుధ క్లినిక్" అని రెండుసార్లు అన్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. తెల్లారుజామునే లేచి ఇది రాస్తున్నాను.

ఆ పద్ధతి గురించి చదివాను. జబ్బు పేరుకు మందు రాసి పంపకుండా అసలు ఎందుకొచ్చిందో వెతకాలంటారు, పేషెంటుతో గంట కూర్చుంటారట. ఆ గంట నాకు నచ్చింది. తెనాలిలో ముప్పై నాలుగేళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి, మూడు నిమిషాల్లో రాసిన చీటీలు ఎన్ని చూశానో! నచ్చనిదల్లా ఆ గంట చివర చేతికొచ్చే మూరెడు పరీక్షల లిస్టు, డజను సప్లిమెంట్ డబ్బాలు.

షుగర్, బి12, థైరాయిడ్, కిడ్నీల కోసం క్రియాటినిన్ ముందు చూడమని ఎం.డి. చదివిన పిల్లకు నేను చెప్పాలా? షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చనీ నీకు తెలుసు. తాగుడు సంగతి మాత్రం పక్కన భార్య లేనప్పుడు అడుగు. నాలుగు రోజుల్లో కాళ్ల నుంచి పైకి నీరసం పాకుతోందంటే డైట్ చార్టు రాస్తూ కూర్చోకు, అంబులెన్స్ పిలువు. ఇంకోటి, అమెరికా కోర్సుల్లో దీని మీద ఎంత చెబుతారో గానీ మన దగ్గర కుష్ఠు ఇంకా ఉంది. మోచేతి దగ్గర నరం తడిమి చూడు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉందేమో చొక్కా విప్పించి చూడు. దానికి మందు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. నువ్వు ఏ డబ్బా రాసినా తగ్గదు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మా షాపుకు ఎదురుగా ఒక టైలర్ ఉండేవాడు. నీ చిన్నప్పుడు పరికిణీలు ఆయనే కుట్టేవాడు, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఒకరోజు వచ్చి "కాళ్లలో చీమలు పాకుతున్నట్టుంది, ఏదైనా బిళ్ళ ఇవ్వండి" అన్నాడు. బి-కాంప్లెక్స్ ఇచ్చాను. తిమ్మిరంటే బి-కాంప్లెక్స్, అదీ మా కౌంటరు వైద్యం. తగ్గలేదు. బి6 ఎక్కువున్న ఇంకో బిళ్ళ కలిపాను. టీబీ మందు వాడేవాళ్లకు నరాలు దెబ్బతినకుండా డాక్టర్లు బి6 రాయడం రోజూ చూసేవాణ్ణి కదా, నరాలకు అది అమృతమే అనుకున్నాను. ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అని మూడోది కూడా కలిపాను. తిమ్మిరి పెరిగిందన్నప్పుడల్లా డోసు పెంచాను. అలా రెండేళ్లు.

ఒక మధ్యాహ్నం రోడ్డు దాటి నా దగ్గరికే వస్తున్నాడు. ఎడమ కాలి చెప్పు రోడ్డు మధ్యలో జారిపోయింది. ఆయనకు తెలియలేదు. ఒంటి చెప్పుతో కౌంటరు ముందు నిలబడి, "మిషను తొక్కుతుంటే పాదం పెడల్ మీద ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వస్తోందండీ" అన్నాడు. నేనే వెళ్లి చెప్పు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.

గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మోకాలు తట్టి చూసే సుత్తి తీయకముందే "వాడే మందులన్నీ తెచ్చారా?" అన్నారు. టైలర్ గుడ్డసంచీ బల్ల మీద కుమ్మరించాడు. డాక్టరు ఒక్కో స్ట్రిప్పూ వెనక్కి తిప్పి చదివి కాగితం మీద కూడారు. రోజుకు 300 మిల్లీగ్రాముల బి6! మనిషికి కావలసింది 2 మిల్లీగ్రాములు. రోజుకు 2 నుంచి 6 గ్రాములు మింగి నడక తప్పినవాళ్ల గురించి 1983లోనే అమెరికా డాక్టర్లు రాశారనీ, అంతకన్నా తక్కువైనా ఏళ్ల తరబడి వాడితే నరాలు చెడతాయనీ చెప్పారు. "ఎవరిచ్చారివి?" అన్నారు. టైలర్ నా వైపు చూడలేదు. "నేనే కొనుక్కున్నానండీ" అన్నాడు.

ఆపిన కొత్తలో తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. అలా కావచ్చని డాక్టరు ముందే చెప్పబట్టి సరిపోయింది. ఏడాదికి చాలావరకు తగ్గింది గానీ వేళ్ల చివర మొద్దుబారడం పోలేదు. మొదట పాకిన ఆ చీమలు షుగర్ వల్ల. ఒక్క రక్తపరీక్షతో తేలేది. నేను అడగలేదు. అడిగితే డాక్టరు దగ్గరికి పంపాలి, పంపితే నా బిళ్ళలు కదలవు. అలా అనుకుని చేయలేదమ్మా, ఒట్టు. కానీ గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడికి కొన్ని ప్రశ్నలు నోటికి రావు.

అందుకని క్లినిక్‌లో సప్లిమెంట్ల అల్మారా పెట్టకు. ఏదో కంపెనీ డబ్బాలు పెట్టుకుంటే అద్దె వచ్చేస్తుందని అన్నావట. బుద్ధుందా నీకు? అద్దె చాలకపోతే నన్నడుగు. షాపు అమ్మిన డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంది, మీ అత్తయ్యా నేనూ ఎంత తింటాం?

రాయాల్సి వస్తే ఒక్కటే రాయి, ఎప్పుడు ఆపాలో కూడా పక్కనే రాయి. బి6కి యూరప్ వాళ్లు 2023లో రోజుకు 12 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు. లైపోయిక్ యాసిడ్ అనే సప్లిమెంట్‌తో షుగర్ మంటలు తగ్గాయని కొన్ని పరీక్షలు చెబుతున్నాయి, అన్నీ కాదు. ఎసిటైల్ కార్నిటైన్ అనే ఇంకో సప్లిమెంట్ అయితే క్యాన్సర్‌కు కీమో తీసుకునేవాళ్లకు తిమ్మిర్లు రాకుండా ఇచ్చి చూస్తే ఇంకా పెరిగాయి. జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్లకు థైరాయిడ్ రిపోర్టే తప్పు చూపించవచ్చు. ఇవన్నీ సంచీలో ఉంటాయి, చీటీలో ఉండవు. పంచాంగం చూసి అపాయింట్‌మెంట్ ఇచ్చినా ఫర్వాలేదు గానీ, సంచీ లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వకు.

ప్రారంభానికి ముందురోజే వస్తాం. అత్తయ్య సున్నుండలు చేస్తానంటోంది, నాకు పెట్టదట. మొదటి పేషెంటుగా నా పేరే రాసుకో. రెండు నెలలుగా ఎడమ బొటనవేలికి నేల సరిగ్గా తెలియడం లేదు. అత్తయ్యకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు. సంచీతోనే వస్తాను.

మావయ్య