డిపెండెంట్ వీసాపై ఉన్నా కౌన్సిల్ టాక్స్ కట్టాలా?

ప్రశ్న: మా ఆవిడ బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తోంది. నేను ఆమె డిపెండెంట్‌గా వచ్చి ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో ఇద్దరమే. కౌన్సిల్ టాక్స్ (ఇళ్లపై స్థానిక కౌన్సిల్ వేసే పన్ను) బిల్లు మొత్తం కట్టమని వచ్చింది. తగ్గింపు అడిగితే వీసాకు ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: టెన్షన్ పడకండి. ఫుల్‌టైమ్ విద్యార్థిని ఈ పన్నుకు లెక్కలోకి తీసుకోరు, విద్యార్థి జీవిత భాగస్వామి బ్రిటిష్ పౌరులు కాకుండా, ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు వాళ్ల వీసాలో ఉంటే వాళ్లనీ లెక్కించరు, ఉద్యోగం చేస్తున్నా సరే. అంటే మీరు అసలు కట్టక్కర్లేదు. చాలామంది ఇంట్లో ఒక్కరినే లెక్కించినప్పుడు ఇచ్చే 25 శాతం తగ్గింపుతోనే సరిపెట్టుకుంటున్నారు, అది చూస్తే బాధేస్తుంది. యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ సర్టిఫికెట్, మీ వీసా వివరాలు జతచేసి కౌన్సిల్‌కు రాయండి. ఈ మినహాయింపు ప్రభుత్వ సాయం కిందకు రాదు. ఒక్క జాగ్రత్త: తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ‘కౌన్సిల్ టాక్స్ రిడక్షన్’ మాత్రం ఆ సాయం కిందకే వస్తుంది, దానికి అప్లై చేయకండి.