నాలుగు మీటర్లకూ ఒకటే నంబరు

ప్రశ్న: మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లు ఉంది. ప్యానెల్ బోర్డులో నాలుగు డిజిటల్ పవర్ మీటర్లు పెట్టించి, ఆర్‌ఎస్-485 డేటా వైర్లను యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా ఆఫీసు కంప్యూటర్‌కి కలిపాం. ఒక్క మీటరే ఉంటే రీడింగ్ వస్తోంది. నాలుగూ కలిపితే ‘టైమ్ అవుట్’ అంటోంది. ఆ వచ్చే రీడింగ్ కూడా 415 వోల్టులకు బదులు 17359, 32768 అని రెండు అంకెలు. మీటర్లు పాడైనట్టేనా? రీడింగులు ఫోన్లో కూడా చూసుకోవచ్చా?

జవాబు: పాడవలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు పలికిందంటే ఆ మీటరూ, కన్వర్టరూ బాగున్నట్టే. చాలా మీటర్లు కంపెనీ నుంచి స్లేవ్ ఐడీ (లైన్లో మీటరును గుర్తుపట్టే నంబరు) 1తోనే వస్తాయి. కంప్యూటర్ ‘ఒకటో నంబరూ, వోల్టేజీ ఎంత?’ అని అడగ్గానే మీవి నాలుగూ ఒక్కసారే జవాబు చెబుతున్నాయి. ఆ గోలలో ఏదీ వినపడక సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తోంది. మీటరు మీదున్న బటన్లతో సెటప్‌లోకి వెళ్లి 1, 2, 3, 4 అని వేర్వేరు ఐడీలు ఇవ్వండి. బాడ్ రేట్ (డేటా వెళ్లే వేగం), ప్యారిటీ (తప్పులు పట్టే బిట్టు) మాత్రం అన్నింట్లోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకటే ఉండాలి. 9600 చాలు, నాలుగు మీటర్లకు అంతకుమించి వేగం దేనికి?

ఇక ఆ వింత అంకెలు. నిజానికి మీటరు సరిగ్గానే చెబుతోంది! మీటరూ, కంప్యూటరూ మాట్లాడుకునే భాష మోడ్‌బస్. అందులో ఒక్కో రిజిస్టరుకు (అంకెను దాచే గడికి) 16 బిట్లే పడతాయి. 415ను మీ మీటరు 32 బిట్ల ఫ్లోట్‌గా (దశాంశాలు పట్టే సంఖ్యగా) మార్చి, సగం ఒక రిజిస్టరులో, సగం పక్కదాంట్లో పెట్టింది. 17359, 32768 ఆ రెండు సగాలే. సాఫ్ట్‌వేర్‌లో డేటా టైప్‌ని ‘ఫ్లోట్’ చేస్తే 415 వచ్చేస్తుంది. అప్పుడూ సున్నానో, మైనస్ సున్నానో కనిపిస్తే సగాలు తారుమారయ్యాయని అర్థం, ‘వర్డ్ స్వాప్’ నొక్కండి. మిగతా రీడింగులు తీసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది: మాన్యువల్‌లో రిజిస్టరు నంబరు 40001 అన్నది కొన్ని సాఫ్ట్‌వేర్లలో 0 అవుతుంది. ఈ ఒక్క అంకె తేడాతో పూటలు గడిచిపోతాయి.

ఐడీలు మార్చాక కూడా మొండికేస్తే వైరింగ్ చూడండి. నాలుగు మీటర్ల నుంచీ నాలుగు వైర్లు లాగి ఒకచోట ముడివేసే ఎలక్ట్రీషియన్లే ఎక్కువ. అలా కాదు, మొదటి మీటరు నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి, దండలా వెళ్లాలి. మెలితిప్పిన జత వైరు, షీల్డు ఉన్నది వాడండి. లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. మోటార్ల డ్రైవ్ కేబుళ్ల పక్కన అసలు లాగొద్దు. జత వైర్లకుండే ఏ, బీ గుర్తుల్ని కొన్ని కంపెనీలు తిరగేసి రాస్తాయి, కాబట్టి ఒకసారి మార్చి చూడండి, ఏమీ కాలిపోదు. కానీ ప్యానెల్ తెరిచినప్పుడు సీటీ (కరెంటును కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) వైర్లు ఊడదీయొద్దు. కరెంటు పారుతుండగా అవి తెరుచుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఫోన్లో చూసుకోవచ్చు. మోడ్‌బస్ గేట్‌వే (మీటర్ల లైనును నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) కొని, దానికి మారని ఐపీ ఇచ్చి రౌటర్‌కి కలపాలి. అది 502 పోర్టులో మాట్లాడుతుంది. ఆ పోర్టును మాత్రం రౌటర్‌లో బయటికి తెరవకండి. 1979లో పుట్టిన మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అన్నదే లేదు, అడ్రసు తెలిసినవాడెవడైనా లోపలికొచ్చేస్తాడు. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్‌లో భద్రమైన సొంత దారి) పెట్టించుకోండి.